రంగూన్ పళ్లేలు

మా అమ్మమ్మగారింట్లో నీలం బొమ్మల పింగాణీ పళ్లేలను రంగూన్ పళ్లేలనేవారు. కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేటికి దక్షిణపు ఒడ్డున ఉండేదా ఇల్లు. వీధరుగు దాటితే వసారా, ఆ వసారా గోడలోనే అద్దాల తలుపుల బీరువా. పై అరలో అమ్మమ్మ మావగారి ఇంగ్లీషు పుస్తకాలు, లెక్కల దస్తరాలు. కింది అరలో పాత చీరల ముక్కలు మధ్యమధ్య పరిచి పేర్చిన పళ్లేలు. వేసవి సెలవులకి చేరిన పిల్లలమంతా అద్దానికి ముక్కులు ఆనించి, పైనున్న ఒక్క పళ్లెం బొమ్మనే చూస్తూ కూర్చునేవాళ్లం. తలుపు తీయడానికి వీల్లేదు. ఎప్పుడైనా అమ్మమ్మ వాటిని దించి, కుంకుడు రసంతో కడిగి, చాప మీద వరసగా ఆరబెట్టిన రోజున మాకు పండగ. పక్కన కూర్చోవచ్చు, వేలితో బొమ్మ మీద రాసి చూడచ్చు, ఎత్తకూడదు.

"ఇవి లండన్‌లో చేసినవే. రంగూన్‌లో మీ ముత్తాతగారి పనికి మెచ్చి దొర ఇచ్చాడు" అని చెప్పేది అమ్మమ్మ. మా అమ్మా, పిన్నీ, మావయ్యలూ కూడా అదే చెప్పేవారు.

ముత్తాతగారు రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. కాకినాడ వాళ్లకి ఆ రోజుల్లో రంగూన్ అంటే పరాయి దేశం కాదు, బంగాళాఖాతానికి అవతలి ఒడ్డు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడకి దూరంగా, నడిసముద్రంలో లంగరేసి ఆగేవి. రేవులోంచి నావల్లో వెళ్లి వాటిని ఎక్కాలి. కోతలు అయ్యాక పనికి పోయేవాళ్లు, ఓడరేవులో మూటలు మోసేవాళ్లు, మిల్లుల్లో పనిచేసేవాళ్లు, గుమాస్తాలు, చిల్లర వర్తకులు, అందరూ డెక్కు మీదే ప్రయాణం. పక్కనున్న కోరంగి పాత ఓడరేవు కావడంతో బర్మావాళ్లు తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మా ఇంట్లో టేకు కుర్చీలూ, లక్కపూత పెట్టెలూ, ఈ పళ్లేలూ ఉన్నాయంటే మేము గొప్పవాళ్లమని కాదు. ఆ వీధిలో ఇంటికొకరు రంగూన్ వెళ్లొచ్చినవాళ్లే.

బొమ్మ గురించి చెప్పాలి. కుడివైపు పెద్ద మేడ, దాని చుట్టూ చెట్లు. ముందు అడ్డదిడ్డంగా పోయే కంచె. నడుమ నీటి మీదికి వంగిన కొమ్మల చెట్టు. ఎడమన వంతెన, దాని మీద ముగ్గురు మనుషులు. ఇంకా పైన ఒక పడవ, దాన్ని నడుపుతున్న మనిషి. దూరంగా ఒక లంక, దాని మీద చిన్న ఇల్లు. అన్నిటికన్నా పైన, ఆకాశంలో, ముక్కూ ముక్కూ రాసుకుంటున్నట్టు రెండు పక్షులు. అంచు చుట్టూ దట్టమైన అల్లిక.

అమ్మమ్మ ఈ బొమ్మలో రామాయణం చెప్పేది. మేడ అయోధ్య. వంతెన మీది ముగ్గురూ వనవాసానికి బయల్దేరిన రాముడు, సీత, లక్ష్మణుడు. చేతిలో కర్రలాంటిది ఉన్నాయన దగ్గర ఉన్నది విల్లు. పడవలో వాడు గుహుడు. లంక మీది ఇల్లు చిత్రకూటంలో లక్ష్మణుడు కట్టిన పర్ణశాల. ముందున్న కంచె లక్ష్మణరేఖ. పైనున్న పక్షులు వాల్మీకి చూసిన క్రౌంచపక్షుల జంట. ఇంకా బాణం తగల్లేదు కాబట్టి రెండూ ఉన్నాయి. పెద్దమావయ్య కొడుకు ప్రతిసారీ అడిగేవాడు: "వంతెన ఉండగా గుహుడి పడవెందుకు మామ్మా?" ఆవిడ తడుముకోకుండా చెప్పేది: "వంతెన దిగాకేరా గంగ వచ్చేది. ముందు ఊరు దాటాలి, తరవాత ఏరు దాటాలి." అయోధ్య పక్కనే లక్ష్మణరేఖ ఏమిటని ఎవరూ అడగలేదు. ఒకే పళ్లెంలో పద్నాలుగేళ్లు ఇమడాలంటే అన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయని మేమే సమాధానపడ్డాం.

ఆ పళ్లేలు వంటింటి గడప దాటేవి కావు. రాగి, ఇత్తడి, కంచు చింతపండు పెట్టి తోమితే శుద్ధి అవుతాయి, పింగాణీ అవదు అని ఆ ఇంటి మడి లెక్క. అందుకే అవి వసారాలో కాపురం ఉండేవి. ఆసుపత్రి డాక్టరుగారు, మిషన్ స్కూలు మాస్టారు, ఉప్పు శాఖలో పనిచేసే సాయిబుగారు, ఇలా 'బయటివాళ్లు' వచ్చినప్పుడు ఫలహారం వాటిలో పెట్టి ఇచ్చేవారు. మేమంతా అదొక మర్యాద అనుకునేవాళ్లం. ఇంట్లోకెల్లా అందమైన వస్తువు వాళ్లకే కదా ఇస్తున్నాం! తిన్నాక ఆ పళ్లేలు నట్టింట్లోకి రాకుండా పక్క సందులోంచి పెరటి నూతి దగ్గరికి వెళ్లేవి. విడిగా కడిగేవారు. పళ్లెం అందంగా ఉండడం వల్ల ఆ ఎడం కళ్లకి ఆనేది కాదు. కానీ మాస్టారికి ఆనే ఉంటుంది. మా అమ్మమ్మ మనసు ఎంత మెత్తనో నాకు తెలుసు. ఆవిడ చేతుల మీదుగానే ఇది జరిగిందనీ తెలుసు. ఆ పళ్లేల గురించి రాస్తూ ఈ మాట దాటేస్తే, వాటి మీద ప్రేమతో అబద్ధం చెప్పినట్టవుతుంది.

అమ్మమ్మ పోయాక, ఇల్లు అమ్మేశాక, పళ్లేల పెట్టె అమ్మ చేతికీ, ఆ తరవాత నా చేతికీ వచ్చింది. ఊక, పాత ఆంధ్రపత్రిక కాగితాలు, చీర ముక్కలు. అన్నీ విప్పి, చిన్నప్పుడు ఎవరూ చెయ్యనివ్వని పని చేశాను. ఒక్కొక్క పళ్లేన్నీ బోర్లించాను.

ముందు మూడు చిన్న గరుకు మచ్చలు కనిపించాయి. ఆవంలో పళ్లేలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో మొనలున్న మట్టి ఆనికలు పెడతారు, ఆ మొనల గుర్తులు. తరవాత ముద్రలు. మేము ఒకే సెట్టు అనుకున్నది ఒకే సెట్టు కాదు. మూడు రకాల ముద్రలున్నాయి. ఒక రకం మీద వెడ్జ్‌వుడ్ అండ్ కో లిమిటెడ్, ఇంగ్లండ్ అని ఉంది. రెండో రకం మీద పడుకున్న సింహం, దాని తల మనిషిది, కింద పేత్రుస్ రెగూ, మాస్ట్రిక్ట్, మేడ్ ఇన్ హాలండ్. మూడో దాని మీద ఎదురెదురుగా రెండు పక్షులు, మేడ్ ఇన్ జపాన్. లండన్ మాట ఎక్కడా లేదు.

వెడ్జ్‌వుడ్ పేరు చూడగానే ఎవరికైనా గుండె ఆగుతుంది. 1759లో జొసయ్యా వెడ్జ్‌వుడ్ పెట్టిన కార్ఖానా సరుకు రాజుల బల్లల మీదికెక్కింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రాన్సు సేవ్ర్ పింగాణీ, జర్మనీ డ్రెస్డెన్ పింగాణీ ఉన్నచోటే వెడ్జ్‌వుడ్‌కీ చోటుంది. కానీ 'అండ్ కో' అని చేరితే కథ మారుతుంది. అది ఈనాక్ వెడ్జ్‌వుడ్ సంస్థ, ఇంగ్లండ్‌లో కుండల పట్టణాలు గుంపుగా ఉన్న స్టాఫర్డ్‌షైర్‌లోని టన్‌స్టల్‌లో 1860 నుంచి నడిచింది. మామూలు ఇళ్లకి, ఎగుమతికి సరిపడే మట్టి పళ్లేలు చేసింది. జెఫ్రీ గాడెన్ 1964లో వేసిన ముద్రల నిఘంటువు ఈ విషయంలో పెద్ద దిక్కు. పేరు చివర లిమిటెడ్ చేరింది 1900 నుంచి కాబట్టి మా పళ్లేలు అంతకు ముందువి కావు. ఇంగ్లండ్ అని దేశం పేరు వెయ్యడం కూడా కాలాన్ని పట్టిచ్చే గుర్తే. పరదేశపు సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. మరుసటేడు నుంచి ఇంగ్లండ్ కుమ్మరులు దాన్ని ముద్రలో కలిపారు. అంతకు ముందైతే, 1842 నుంచి 1883 దాకా, నమూనా రిజిస్టరు చేయించిన వస్తువు మీద వజ్రం ఆకారపు గుర్తులో అక్షరాలు పెట్టేవారు. 1884 నుంచి దాని బదులు ఉత్త నంబరు. ఇవన్నీ తెలిస్తే, ఏ ఊళ్లో ఎవరింట్లో పళ్లెం బోర్లించినా దాని వయసు కొంత చెప్పెయ్యచ్చు.

మనిషి తల సింహం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పళ్లేలు ఆరబెట్టిన రోజు ఒకసారి అమ్మమ్మ బోర్లించినప్పుడు ఆ బొమ్మ మా కళ్లపడింది. అంతర్వేది నరసింహస్వామి అని మేమంతా దణ్ణం పెట్టాం. ఆవిడ పరీక్షగా చూసి, "కాదర్రా, ఈయనకి ఒళ్లు సింహం, తల మనిషిది" అంది. అది స్ఫింక్స్. మాస్ట్రిక్ట్ నెదర్లాండ్స్ దక్షిణపు కొసన, మ్యూజ్ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ పేత్రుస్ రెగూ అనే వర్తకుడు 1830లలో గాజు, పింగాణీ కార్ఖానాలు పెట్టాడు. ఇంగ్లండ్ నమూనాల్నే తక్కువ ధరకి చేసి తూర్పు దేశాలకి ఓడల్లో పంపాడు. 1899 నుంచి కంపెనీ పేరే స్ఫింక్స్ అయింది. ఆ కార్ఖానాల్లో చిన్నపిల్లలు రాత్రిళ్లు పనిచేశారు. 1887లో డచ్ పార్లమెంటు జరిపిన విచారణలో ఈ సంగతులు బయటికొచ్చి దేశమంతా చలించింది. మేము ముట్టుకోకూడని పళ్లేన్ని ఒకప్పుడు మా వయసు పిల్లలు పనిచేసిన కార్ఖానాలే చేసి పంపాయని తెలిశాక నాకు వాటిని అదివరకటిలా చూడడం సాధ్యం కాలేదు.

బొమ్మ ఎలా అచ్చేస్తారో తెలుసుకున్నాక ఇంకోటి కనిపించింది. రాగి రేకు మీద గీతలు చెక్కుతారు. రేకుని వేడిచేసి, కోబాల్టు కలిపిన నూనె రంగు గీతల్లోకి పట్టించి, సబ్బునీళ్లు తడిపిన పల్చటి కాగితం మీద అచ్చు తీస్తారు. ఆ కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, ఒకసారి కాల్చిన పళ్లెం మీద అతికించి, గట్టి కుంచెతో రుద్ది, నీళ్లలో కాగితం కడిగేస్తారు. రంగు అంటుకుని ఉంటుంది. పైన గాజుపూత పెట్టి మళ్లీ కాలిస్తే అప్పుడు నీలం తేలుతుంది. కత్తిరించడం, అతికించడం, రుద్దడం ఎక్కువగా ఆడవాళ్ల పని. అంచు అల్లిక చుట్టూ తిరిగి వచ్చినచోట రెండు కొసలూ సరిగ్గా కలవవు. మా ఇంగ్లండ్ పళ్లెం ఒకదాని మీద ఆ అతుకు పువ్వు మధ్యలో పడి సగం రేకులు పక్కకి జరిగాయి. ఏ పేరూ దొరకని ఒక మనిషి చెయ్యి అక్కడ ఉంది. ముద్ర కన్నా నాకు అదే ఎక్కువ విలువైంది.

బొమ్మ పేరు విల్లో, నడుమ ఉన్న ఆ వంగిన చెట్టుని బట్టి. చైనా నుంచి వచ్చే నీలం పింగాణీకి గిరాకీ చూసి ఇంగ్లండ్ కుమ్మరులు 18వ శతాబ్దం చివర చైనా బొమ్మల్ని కలిపి కుట్టిన నమూనా ఇది. కాఫ్లీలో థామస్ టర్నర్ కార్ఖానాకి థామస్ మింటన్ ఇలాంటివి చెక్కాడు. 1790 ప్రాంతంలో స్పోడ్ కార్ఖానాలో ఇప్పుడు మనం చూస్తున్న రూపం స్థిరపడింది. ఆ తరవాత ప్రతి కుమ్మరీ దాన్ని వేశాడు. దీనికో కథ కూడా ఉంది: ధనవంతుడైన అధికారి కూతురు, ఆయన దగ్గర పనిచేసే గుమాస్తా ప్రేమించుకుంటారు. వంతెన మీద పారిపోతున్నది వాళ్లిద్దరూ, వెనక కొరడాతో వస్తున్నది తండ్రి. పడవలో లంకకి చేరి కొన్నాళ్లు సుఖంగా ఉంటారు. చివరికి ఇద్దరూ చనిపోయి పక్షులవుతారు.

ఇది పురాతన చైనా కథ కాదు. చైనావాళ్లకి తెలియనే తెలియదు. 1849లో ఇంగ్లండ్‌లో ఫ్యామిలీ ఫ్రెండ్ అనే పత్రికలో ఇది వచ్చింది. బొమ్మ ముందు పుట్టి, అరవై ఏళ్లకి దానికి కథ అల్లారు. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది. మనుషులు ముగ్గురు, పడవ ఒకటి, పక్షులు రెండు ఇచ్చి ఊరుకుంటే, ఏ వంటింటి గడప దగ్గర ఆ పళ్లెం ఆరితే అక్కడి కథ దానిలోకి దిగుతుంది. ఇంగ్లండ్ పత్రిక కథకి ఎంత హక్కుందో జగన్నాథపురం చాప మీద చెప్పిన రామాయణానికీ అంతే ఉంది. నన్నడిగితే మా అమ్మమ్మదే గట్టి కథ. ఆవిడ ఆ పక్షుల్ని చంపలేదు.

ఇక మూడో ముద్ర. ఎదురెదురు పక్షులు జపాన్‌లోని కనజావాలో 1908లో మొదలైన నిప్పన్ కోషిత్సు తోకి అనే కార్ఖానావి. ఫీనిక్స్ పక్షుల జంట అది. జపాన్ సరుకు మీద మొదట నిప్పన్ అని ఉండేది. 1921లో అమెరికా కస్టమ్స్ ఆ మాట చెల్లదన్నాక జపాన్ అని వెయ్యసాగారు. 1947 నుంచి 1952 దాకా, అమెరికా సైన్యం అక్కడున్న కాలంలో, ఆక్యుపైడ్ జపాన్ అన్న ముద్ర కూడా వాడారు. మావాటి మీద ఉత్త మేడ్ ఇన్ జపాన్ ఉంది. 1930లలో చవక జపాన్ సరుకు బర్మా బజార్లలో గుట్టలుగా పడింది. పగిలిన ఇంగ్లండ్, హాలండ్ పళ్లేల స్థానంలో అదే బొమ్మ చూసి ముత్తాతగారు ఇవి కొని ఉంటారు. దొర ఇచ్చిన బహుమానం ఇలా మూడు దేశాలవి కలిసి ఉండదు. జీతం డబ్బులతో, అవసరమైనప్పుడల్లా, ఒక గుమాస్తా కొనుక్కున్న పళ్లేలివి. ఆ మాట నాకు దొర కథ కన్నా గర్వంగా ఉంది.

ఇవి ఎప్పుడు సముద్రం దాటాయన్నది కూడా పళ్లేలే చెప్పాయి. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవు దగ్గర బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మధ్య పెద్ద కొట్లాటలు జరిగాయి. చాలామంది ప్రాణాలు పోయాయి. ఆ గొడవల తరవాత ముత్తమ్మ పిల్లల్ని తీసుకుని కాకినాడ వచ్చేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన అక్కడే ఉండి, తెలిసినవాళ్లు వస్తుంటే పెట్టెలు పంపేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం వాళ్ల వశమైంది. స్టీమర్ దొరకని లక్షలాది భారతీయులు కాలినడకన బయల్దేరారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, మణిపూర్ అడవుల్లోంచి కొందరు. దారిలో విరేచనాలకీ, మలేరియాకీ, ఆకలికీ వేలమంది పోయారు. ముత్తాతగారు అరకాన్ దారిన నడిచి వచ్చారు. ఆ దారిన పింగాణీ పళ్లెం ఎవరూ మొయ్యలేరు. కాబట్టి జపాన్ పళ్లేలతో సహా అన్నీ యుద్ధానికి ముందే ఓడెక్కాయి. ఆయన ఇల్లు చేరేసరికి ఆయన ఊరి మీద కూడా బాంబులు పడి ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా దాడి చేశాయి.

ముత్తాతగారిని నేను చూడలేదు. ఆయన గురించి ఇంట్లో ఒక సంగతి పదేపదే చెప్పుకునేవారు. సముద్రం దాటొచ్చినాయన కాబట్టో, నడిచి వచ్చిన దారిలో ఎవరి చేతి గంజి పడితే వాళ్లది తాగి బతికినందువల్లో, ఆయన సాయంత్రం ఫలహారం వసారాలోనే, వచ్చినవాళ్లతో కలిసి, ఈ పళ్లేల్లోనే తినేవారు. కానీ ఖాళీ పళ్లెం ముందు తన చేతికి ఇవ్వాలి. దాన్ని ఓసారి బోర్లించి చూసి గానీ వడ్డించనిచ్చేవారు కాదు. ఒక్కోసారి చూసి వెనక్కి ఇచ్చేసేవారు, వేరేది తెమ్మనేవారు. కడిగిన పళ్లెం మళ్లీ కడిగి తెచ్చి ఇస్తే, అదే పళ్లెమని మళ్లీ తిప్పి పంపేవారు. పెద్దాయనకి శుభ్రం పిచ్చి అని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఆ ఇంట్లో అప్పుడు ఇంగ్లీషు చదవగలిగింది ఆయనొక్కరే.

పిన్నికి ఫోన్ చేసి మూడు ముద్రల సంగతీ చెప్పి, తాతయ్యగారు బోర్లించి చూసింది మరకల కోసం కాదేమో పిన్నీ అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఎప్పుడూ ఒకే రెండు మూడు పళ్లేలు తిరిగొచ్చేవే. అమ్మ వాటిని వేరే కట్టలో పెట్టేసింది" అంది. పెట్టె విప్పినప్పుడు నాకు ఆ కట్ట దొరికింది. చీర ముక్కతో విడిగా కట్టి, అన్నిటికన్నా అడుగున. విప్పి చూస్తే అన్నీ ఫీనిక్స్ పక్షులవే. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, మావగారు నోరు విప్పి చెప్పలేదు. అయినా ఏవి ఆయన ముందు పెట్టకూడదో ఆవిడ చేతులకి తెలుసు.

పళ్లేల్ని అక్కచెల్లెళ్లం, మావయ్య పిల్లలం పంచుకున్నాం. ప్రతివాళ్లకీ వాటి వెనక ఏముందో ఒక కాగితం రాసి ఇచ్చాను. కార్ఖానా, ఊరు, కాలం, ఎవరు కొన్నారు, ఎప్పుడు ఓడెక్కాయి. వాడుకోమనే చెప్పాను, ఒక్క జాగ్రత్త మాత్రం రాశాను. అప్పటి గాజుపూతల్లో సీసం ఉండేది, పూత మీద సన్నటి బీటలు పడ్డవాటిలో పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. కాబట్టి చారు, పులుసు, నిమ్మకాయ పులిహోర వద్దు. జంతికలు, చేగోడీలు పెట్టుకోవచ్చు.

జపాన్ కట్ట ఎవరికివ్వాలన్న దగ్గర పిన్ని అడ్డుపడింది. "తాతయ్యగారు తినలేదు, సరే. అమ్మ మాత్రం వాటినీ మిగతావాటితో సమానంగా కడిగింది కదా. నాకివ్వు" అంది. ఇప్పుడు విశాఖలో పిన్ని పొద్దున్న ఇడ్లీ వాటిలోనే పెడుతోంది. పనికి వచ్చే అమ్మాయికీ అవే పళ్లేలు. అల్లప్పచ్చడి మటుకు పక్కన స్టీలు గిన్నెలో వేస్తోంది, సీసం మాట విని.